బయటివారు వాడరాదు

నాకు అక్షరాలు యాభై ఆరేళ్ళ వయసులో వచ్చాయి. అంతకుముందు ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు ఉంటారు. ఎవరు నేర్పారని నేను వాళ్ళను తిరిగి అడుగుతాను. మా వాడలో ఆడపిల్ల చేతికి ముందు చీపురు వచ్చేది, తరువాత కొడవలి వచ్చేది, పలక వంతు మాత్రం వచ్చేది కాదు. అందుకు నేను ఏడ్చింది లేదు. ఇప్పుడు చదువు వచ్చిందని ఊరేగిందీ లేదు. కానీ ఒక పూట నా చదువు ఎనిమిది మంది పెద్దవాళ్ళను కుర్చీల్లోంచి కదలనివ్వలేదు. ఆ పూట సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాత నాదే. ఒత్తులు మాత్రం వేరే మనిషి సరిచూసింది. ఆమె ఎవరో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను పనిచేసేది యూనివర్సిటీ వాళ్ళ భవనంలో. పేరు చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. కొత్తగూడెం నుంచి అడవి వైపు వచ్చే బస్సు మమ్మల్ని గేటు దగ్గర దించుతుంది. రెండంతస్తుల భవనం. కింద ఆఫీసు, ప్రిన్సిపాల్ గది, సెమినార్ హాలు. పైన క్లాసులు. వెనక ప్రహరీ గోడ, గోడ అవతల జామాయిల్ తోట, తోట అవతల అసలు అడవి. పొద్దున ఏడు గంటలకు తాళాలు తీసేది నేను. ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, క్లాసుల్లో బోర్డులు తుడవడం, బాత్రూములు కడగడం మా పని. మా అంటే నేనూ, ఇంకొక ఆమె. ఆమెది లోపల అడవిలో ఊరు, కోయవాళ్ళ ఇల్లు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఫోనులో వాళ్ళమ్మతో తన భాషలో మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. మధ్యలో నవ్విందంటే నన్నే అంటున్నదని అనుమానం.

"నా గురించేనా?" అని అడిగితే, "అవ్ అక్కా. గేటు కాడ మైకు లేకున్నా నడుస్తది, మా అక్క నోరుందని చెప్తున్న" అంటుంది.

మేమిద్దరం ఔట్‌సోర్సింగ్ మనుషులం. అంటే ఊడ్చేది యూనివర్సిటీ గదులు, పనిలో పెట్టుకున్నది వేరే ఏజెన్సీ వాళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గొడవంతా ఈ మాట దగ్గరే వచ్చింది.

కింద మెట్ల పక్కన ఆడవాళ్ళ విశ్రాంతి గది ఉంది. లోపల రెండు బాత్రూములు, చేతులు కడుక్కునే తొట్టి, దాని పైన అద్దం, ఒక మంచం, ఫ్యాను, ఫిల్టరు నీళ్ళు. రోజుకు రెండుసార్లు ఆ గది కడిగేది మేము. ఆ గదిలో ఏ పలక పగిలిందో, ఏ కుళాయి కారుతుందో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ మేము ఆ గది వాడకూడదు. నేను చేరిన మొదటి రోజే ఆఫీసు సూపరింటెండెంటు సారు తలుపు పక్కనున్న బోర్డు మీద వేలు పెట్టి చూపించాడు.

"చూసినవు గదా? గిది మీకు గాదు. రూల్సు రాసి ఉన్నయ్."

నేను చూశాను. నల్ల రంగుతో నాలుగు వరుసలు, అన్నిటికంటే కింద ఎర్ర రంగుతో పెద్దగా ఇంకొక వరుస. నాకు అవన్నీ ముగ్గు చుక్కల్లాగే కనపడ్డాయి. రాసి ఉందన్నాడు కాబట్టి ఉందనుకున్నాను. ఎనిమిదేళ్ళు అట్లాగే అనుకున్నాను.

మరి మేము ఎక్కడికి పోయేవాళ్ళం? ప్రహరీ ఒక మూల కూలింది. ఆ సందులోంచి జామాయిల్ తోటలోకి పోయేవాళ్ళం. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు సందు దగ్గర కాపలా. పశువుల కాపరులు వస్తారు, కట్టెల కోసం వచ్చేవాళ్ళు ఉంటారు. జామాయిల్ చెట్టు నిటారుగా సన్నగా పెరుగుతుంది, దాని చాటున మేక కూడా దాగదు. వానాకాలం పాములు. నాకు భయం తక్కువ, కర్రతో నేల కొట్టుకుంటూ పోయేదాన్ని. చెల్లెకు పాము భయం లేదు, మనుషుల భయం.

అట్లా ఉండగా చెల్లెకు షుగర్ వచ్చింది. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది, ఆపుకోవద్దంది, ఆపుకుంటే కిడ్నీలకు ఎక్కుతుందని భయం పెట్టింది. చెల్లె ఏం చేసింది? నీళ్ళు తాగడమే మానేసింది. తాగితే పోవాలి, పోవాలంటే తోట. పొద్దున బస్సు ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. ఒకరోజు బకెట్ పట్టుకుని మెట్ల మీద కూలబడింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నేను బాటిల్ ఇస్తే మొహం తిప్పుకుంది.

"ఇగ మానేస్త అక్కా. మిర్చి ఏరుడుకు పోత. తునికాకు టైంకు తునికాకు కోస్త. ఆడన్న చెట్టు చాటు ఉంటది."

ఎండలో మిర్చి ఏరితే షుగర్ మనిషి ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఆ మాట నేను పైకి అనలేదు. నాకూ అప్పటికి వేరే దారి తెలియదు.

ఇప్పుడు నా చదువు సంగతికి వస్తాను. నేను అక్షరాలు నేర్చుకున్నది జ్ఞానం కోసం కాదు. హాజరు కోసం వేలిముద్ర మిషను పెట్టారు. చెల్లె వేలు పెడితే కుయ్‌మనేది. నా వేలు పెడితే ఎర్ర లైటు. ఫినాయిలు, యాసిడ్ పట్టుకుని పట్టుకుని నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఏజెన్సీ మనిషి పది వేళ్ళూ పెట్టించి చూశాడు. "ఏందమ్మా, నీకు వేలిముద్రే లేదు. సంతకం నేర్చుకో, లేకుంటే హాజరు పడదు" అన్నాడు. పుట్టినప్పటి నుంచి వేలిముద్ర మనిషినని అందరూ అన్నారు, ఆఖరికి ఆ వేలు కూడా పనికిరాదన్నారు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నా సంగతి తెలిసినవాళ్ళు కోపమే ఎక్కువని చెప్తారు.

నాకు నేర్పింది చెల్లె. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష, అయినా తెలుగు రాత గుండ్రంగా ముత్యాల్లా రాస్తుంది. పై అంతస్తులో తెలుగు క్లాసు జరిగే గది ఉంది. సాయంత్రం సార్లు రాసి వదిలేసిన బోర్డు పొద్దున మేమే తుడవాలి. అక్కడే నా బడి.

"తుడవకక్కా, ఆగు. గిది చూడు. గిది 'వ'. దీనికి పక్కన కొమ్ము పెడితే 'మ'."

"రెండూ ఒక్క తీరుగనే ఉన్నయ్ గదనే."

"నువ్వూ మీ అక్కా ఒక్క తీరుగ ఉండరా? గట్లనే."

ఒక అక్షరం గుర్తుపట్టాక దాన్ని తుడిచేదాన్ని. గుర్తుపట్టకపోతే గుడ్డ చేతికి ఇచ్చేది కాదు. ప, ష, ఫ నన్ను ఏడిపించాయి. ఒత్తులు మరీ ఘోరం, అక్షరం చంకలో ఇంకో అక్షరం బిడ్డలాగా వేలాడుతుంటే తల్లిని చదవాలా, బిడ్డను చదవాలా? నా పేరులో నాలుగు అక్షరాలు, ఒక ఒత్తు. రెండు నెలలకు రిజిస్టర్లో సంతకం పెట్టాను. పెట్టాక ఆగలేకపోయాను. బస్సు బోర్డులు చదివాను. తల్లాడ, సత్తుపల్లి, పాల్వంచ. సబ్బు కవర్లు, గోడల మీద రాతలు, ఫినాయిలు డబ్బా మీద "పిల్లలకు అందకుండా ఉంచండి" అనేది కూడా చదివాను. ఇన్నేళ్ళు డబ్బా ఏం అంటున్నదో తెలియకుండానే వాడాను.

అట్లా ఒక పొద్దున విశ్రాంతి గది ముందు తడిగుడ్డ పెడుతూ తలెత్తాను. ఎర్ర వరుస పెద్దది కదా, ముందు దాన్నే పట్టుకున్నాను. బోర్డుకు మధ్యలో మేకు కొట్టడం వల్ల రాసినవాడు అక్కడ కొంచెం ఎడం వదిలాడు. నేను పైకి చదివాను.

"బ... య... టి... వా... రు. వాడ. రాదు."

మళ్ళీ చదివాను. వాడ రాదు. ఒళ్ళు మండింది. బకెట్ పక్కన పెట్టి చెల్లెను పిలిచాను.

"ఏమే, ఇంత బరితెగించి రాసిన్రా? వాడ రావద్దని గోడ మీద రాసుకున్నరా? ఏ వాడ? మా వాడేనా, మీ గూడెం కూడనా?"

చెల్లెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

"అక్కా, గది వాడ గాదు. వాడరాదు. కలిపి సదువు. వాడుకోవద్దు అని."

"మరి నడుమ ఎడమెందుకు పెట్టిన్రు?"

"మేకును అడుగు."

నేనూ నవ్వాను. కానీ ఆ తప్పు చదువు నా మనసులో నుంచి పోలేదు. తప్పుగా చదివినా, వాళ్ళు చేసింది అదే కదా అనిపించింది. నవ్వు ఆగాక అడిగాను.

"సరే. బయటివారు వాడుకోవద్దు. బయటివారంటే ఎవరు?"

"మనమే అక్కా."

"గట్లని యాడ రాసుంది?"

చెల్లె వంగి నా బకెట్ అందుకుంది.

"సారు అన్నడు. బోర్డు అన్లేదు. మిగిలిన లైన్లు ఏమంటున్నయో సూడాలె" అని మొదటి వరుస ముందు నిలబడ్డాను. ఆ ఒక్క వరుస చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. "సౌకర్యార్థము" అనే మాట దగ్గర రెండు రోజులు పోయాయి, అంతమంది బిడ్డలున్న తల్లిని నేను అంతకుముందు చూడలేదు. మూడో రోజు మొత్తం వచ్చింది. "ఈ గది ఈ భవనములో పనిచేయు, చదువుకొను మహిళలందరి సౌకర్యార్థము."

పనిచేయు. మహిళలందరి. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళు ఆ బోర్డు మీది దుమ్ము నేనే తుడిచాను.

చెల్లె వైపు చూశాను. ఆమె నేల చూస్తున్నది.

"నువ్వు సదివినవా దీన్ని ఇంతకుముందు?"

"మొదటి రోజే సదివిన."

"సదివి?"

"సదివి ఏం జేస్తక్కా? సారు వేలు పెట్టి ఎర్ర లైను చూపెట్టిండు. నేను నల్ల లైను చూపెట్టాల్నా? చూపెడితే తెల్లారి పని ఉంటదా?"

ఆమెను బాగా తిట్టాను. ఏ తిట్లో ఇక్కడ రాయను, ఆమే ఒత్తులు చూస్తున్నది. కానీ తిడుతూనే నాకు తెలిసింది, ఆమె అన్నది అబద్ధం కాదని. ఆమెకు అక్షరాలు ఉన్నాయి, నోరు లేదు. నాకు నోరు ఉంది, అక్షరాలు లేవు. ఇప్పుడు రెండూ ఒక మనిషి దగ్గరికి వచ్చాయి.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటు సారు దగ్గరికి పోయాను. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఆయన కూడా చాలా ఏళ్ళు టెంపరరీగా చేసి చేసి పర్మనెంటు అయినవాడే. కష్టపడి లోపలికి వచ్చినవాడికి తలుపు మీద గడియ అంటే ప్రేమ ఎక్కువ ఉంటుంది. నేను చూసినంతలో అట్లాగే ఉంది.

"సార్, ఆ ఆడోళ్ళ గది మేం కూడ వాడుకుంటం."

"ఏందమ్మా, కొత్తగ? బోర్డు మీద ఉంది గదా, బయటివారు వాడరాదని."

"మేం బయటోళ్ళమెట్ల సార్?"

"నువ్వు ఔట్‌సోర్సింగే గదా? ఔట్ అంటే ఏంది? బయట."

పక్క టేబుళ్ళ వాళ్ళు నవ్వారు. ఆయన కూడా తన మాట తనకే బాగుందన్నట్టు నవ్వాడు.

"పొద్దున ఏడింటికి బిల్డింగు తాళం తీసేది నేను" అన్నాను. "నేను తీసేదాక మీరందరు గేటు బయటనే ఉంటరు. అప్పుడు బయటోళ్ళెవరు సార్?"

నవ్వులు ఆగాయి. "పనిచేయు మహిళలందరి అని మొదటి లైన్ల ఉంది. నేను పనిచేస్తున్ననా లేదా? చెయ్యట్లేదంటే చెప్పుండ్రి, రేపటి నుంచి చెయ్య."

ఆయన అద్దాలు తీసి నన్ను చూశాడు. "నీకు సదువెప్పుడొచ్చింది?"

"మీరు సూడనప్పుడు."

ఆయనకు కోపం వచ్చింది. అది పాత బోర్డు అన్నాడు. భవనంలో అందరూ వాడే గదులకు, సెమినార్ హాలుకు, నీళ్ళ ఫిల్టర్లకు అన్నిటికీ కొత్త రూల్సు వస్తున్నాయన్నాడు. కమిటీ కూర్చుంటుంది, అప్పుడు అంతా క్లియర్‌గా రాస్తామన్నాడు. క్లియర్ అనే మాట నొక్కి చెప్పాడు. బయటికి వచ్చేసరికి చెల్లె తలుపు పక్కనే ఉంది, అంతా విన్నది. "నా వల్ల నీ పని కూడ పోతది అక్కా. నేనే మానేస్త. నెలాఖరుకు చెప్పేస్త" అంది. నెలాఖరుకు పది రోజులు ఉంది. ఆ పది రోజుల్లో ఏదైనా కాకపోతే ఆమె మిర్చి తోటకు పోవడం ఖాయం.

కమిటీ ఆరో రోజు కూర్చుంది. ఆ పొద్దున సూపరింటెండెంటు సారు నా చేతికి ఒక కాగితం ఇచ్చి, ఎనిమిది జిరాక్సులు తీసి సెమినార్ హాల్లో ఒక్కో కుర్చీ ముందు ఒక్కోటి పెట్టమన్నాడు. నాకు చదువు వచ్చని తెలిసీ ఇచ్చాడు. బహుశా ఒక వరుస వచ్చినామెకు ఒక పేజీ రాదనుకున్నాడు. నిజమే, రాదు. కానీ జిరాక్స్ మిషను వేడెక్కడానికి టైం పడుతుంది, నాకూ అంతే. వేలు పెట్టి చదువుకున్నాను. సెమినార్ హాలు గురించి ఉంది, కరెంటు ఆపడం గురించి ఉంది. చివర ఆడవాళ్ళ గది. "ఈ గది రెగ్యులర్ మహిళా సిబ్బందికి, విద్యార్థినులకు మాత్రమే. ఔట్‌సోర్సింగ్ వారు శుభ్రపరచు సమయమున తప్ప లోనికి ప్రవేశించరాదు."

"తప్ప" అనే చిన్న మాట దగ్గర నా వేలు చాలాసేపు ఆగింది.

ఎనిమిది తీయమన్నాడు. నేను తొమ్మిది తీశాను.

కమిటీలో ప్రిన్సిపాల్ మేడం, సూపరింటెండెంటు సారు, ఇంకా ఆరుగురు టీచర్లు. నేను టీ తీసుకుని పోయాను. అందరికీ కప్పులు పెట్టి, ట్రే కిటికీ దగ్గర పెట్టి, తొమ్మిదో కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మేడం తలెత్తి చూసింది.

"ఏమైనా చెప్పాలా అమ్మా?"

"చెప్పుడు గాదు మేడం, సదవాలె. మా గురించి రాసిన్రు. సరిగ్గ సదివిన్నో లేదో మీరు వినుండ్రి."

సూపరింటెండెంటు సారు లేవబోయాడు. మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "చదవనివ్వండి."

చదివాను. నేను ఎట్లా చదువుతానో మీకు చెప్పాలి. ఒక్కో అక్షరం పట్టుకుని, పక్కదానితో కలుపుకుని, తప్పు పోతే వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టి చదువుతాను. "ఔ... ట్... సో... ర్... సిం... గ్. వా... రు." పెద్ద పెద్ద చదువులు చదివిన ఎనిమిది మంది నా నోటి వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ టీ తాగలేదు. వాళ్ళే అయితే ఆ వరుస ఒక్క చూపులో చదివి పేజీ తిప్పేవాళ్ళు. నా చదువు పేజీ తిప్పనివ్వదు. ప్రతి అక్షరం వాళ్ళ ముందు నిలబడి పోయింది. "శు... భ్ర... ప... ర... చు. స... మ... య... ము... న. తప్ప."

అక్కడ ఆపాను.

"మేడం, గిది నాకు సమజ్ కాలేదు. కడగడానికైతే లోపటికి రావాలె, పోసుకోవడానికైతే రావద్దు అన్నట్టా?"

సైన్సు చెప్పే మేడం ఒకామె కాగితం బోర్లా తిప్పి పెట్టింది.

"ఇది ఎవరు రాశారు?" అంది ప్రిన్సిపాల్ మేడం.

"పాత బోర్డునే కొంచెం క్లియర్ చేసిన మేడం" అన్నాడు సారు.

"పాత బోర్డు పది అడుగుల దూరంల ఉంది మేడం" అన్నాను. "నడువుండ్రి, సూద్దాం."

ఆమె లేచింది. ఆమె లేస్తే అందరూ లేవాలి కదా. కమిటీ మొత్తం వచ్చి ఆడవాళ్ళ బాత్రూం ముందు నిలబడింది. మగసార్లు ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తున్నారు. చెల్లె అప్పుడే బకెట్ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది, ఇంతమందిని చూసి మళ్ళీ లోపలికి పోబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఈమె సదువుతది మేడం. నాది ఆలస్యమైతది."

చెల్లె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. నన్ను చంపేయాలన్నంత కోపం, భయం. తరువాత బకెట్ కింద పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. మొదటి వరుస నుంచి ఎర్ర వరుస దాకా ఎక్కడా ఆగకుండా, సౌకర్యార్థము దగ్గర కూడా ఆగకుండా, గలగలా చదివేసింది. తెలుగు చెప్పే సారు "ఉచ్చారణ చాలా బాగుంది" అన్నాడు.

సూపరింటెండెంటు సారు నోరు తెరిచాడు. "నీకు సదువొచ్చా? మరి ఇన్ని రోజులు చెప్పలేదేంది?"

"మీరు అడగలే సార్" అంది చెల్లె.

ప్రిన్సిపాల్ మేడం ఆ బోర్డును కాసేపు చూసింది. "మొదటి లైనులోనే అందరికీ అని ఉంది. బయటివారు అంటే ఈ భవనంతో పని లేనివాళ్ళు. ఇందులో క్లియర్ చేయడానికి ఏముంది?" అంది సారుతో. తరువాత నా వైపు తిరిగింది. "రోజూ కడిగేది మీరు కదా. ఈ గదికి ఏ రూల్సు కావాలో మీరే చెప్పండి."

నన్ను అడగడమే ఆలస్యం. ఎనిమిదేళ్ళుగా కడుపులో ఉన్నవన్నీ బయటపెట్టాను. తొట్టిలో టీ ఆకు పోసేవాళ్ళు ఉన్నారు, అన్నం మెతుకులు కడిగేవాళ్ళు ఉన్నారు, తల దువ్వుకుని వెంట్రుకలు జాలీలో వదిలేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు పోయకుండా పోయేవాళ్ళ పేర్లు చెప్పమంటే చెప్తానన్నాను. వద్దంది మేడం గబగబా. ఆ గుంపులో ఇద్దరు దగ్గారు.

తెలుగు సారు జేబులోంచి పెన్ను తీసి రాసుకుంటున్నాడు. చివర పైకి చదివాడు. "వినియోగానంతరము జలమును విడువవలెను."

"సార్, గిది ఎవరికి రాస్తున్నరు?" అన్నాను.

"వాడేవాళ్ళకమ్మా."

"నేను వాడేదాన్నే. నాకు వారం పడ్తది. వాడినాక నీళ్ళు పోయాలె అని రాయుండ్రి, అందరికీ ఒక్క నిమిషంల తెలుస్తది."

ఆయన ఒక క్షణం బాధపడ్డాడు. తరువాత ఆయనే కొట్టివేసి రాశాడు. నా "పోయాలె"ను "పోయాలి" చేశాడు, దానికి నేను ఒప్పుకున్నాను.

కొత్త బోర్డు ఫ్లెక్సీ షాపుకు పంపితే వారం అవుతుందన్నారు. చెల్లె దగ్గర వారం లేదు. "ఈమె రాత చూడుండ్రి మేడం" అన్నాను. నీలం రంగు డబ్బా, కుంచె స్టోరు గదిలోంచి తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నారు? సూపరింటెండెంటు సారే. డబ్బా ఇస్తూ చెల్లెతో, "అక్షరాలు జర పెద్దగ రాయి, నాక్కూడ అద్దాలు లేకుండ కనబడాలె" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. మిగిలిన సగం ఉంచుకున్నాను.

పాత బోర్డు దించి, దాని మీదే తెల్లరంగు వేసి, ఆరాక చెల్లె రాసింది. గుండ్రటి అక్షరాలు. నేను పక్కన నిలబడి వరుస వరుసా చదువుతూ పోయాను, ఆమె రాసినంత వేగంగా నేను చదవడం అదే మొదటిసారి. ఈ భవనంలో పనిచేసే, చదువుకునే ఆడవాళ్ళందరూ ఈ గది వాడుకోవచ్చు. వాడినాక నీళ్ళు పోయాలి. తొట్టిలో టీ ఆకు, మెతుకులు వేయవద్దు. మంచం మీద ఒంట్లో బాగాలేనివాళ్ళకు ముందు చోటు. ముందు వచ్చినవాళ్ళు ముందు, తరువాత వచ్చినవాళ్ళు ఆగాలి. చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను. ఎర్ర రంగు ఎక్కడా వేయలేదు.

నెలాఖరు వచ్చింది, పోయింది. చెల్లె మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పొద్దున వచ్చీ రాగానే బాటిల్ నిండా నీళ్ళు తాగుతుంది. మధ్యాహ్నం మళ్ళీ నింపుకుంటుంది. అన్నం తినేటప్పుడు తాగుతుంది. "ఏమే, కిన్నెరసాని వాగు మొత్తం నువ్వే తాగుతవా?" అంటే, "ఎనిమిదేండ్ల బాకీ తీర్చుకుంటున్న" అంటుంది. ఆమె చేరి అయిదేళ్ళే అయింది, నావి మూడు కూడా కలిపి తాగుతున్నదేమో.

ఒకరోజు నేను మెట్ల దగ్గర తడిగుడ్డ పెడుతున్నాను. పరీక్షల సెక్షనులో పనిచేసే పర్మనెంటు మేడం ఒకామె గబగబా వచ్చింది. ఒక బాత్రూంలో కుళాయి మార్చడానికి విప్పారు, రెండోదే నడుస్తున్నది, అది లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కొట్టింది.

"ఎవరు లోపల? జల్దీ రావాలె."

"నేను మేడం" అంది చెల్లె లోపల నుంచి. "టైం పడ్తది. ఆగాలె."

ఆ మేడం గది గుమ్మం దాకా వచ్చి నా వైపు తిరిగింది. ఏదో అనబోయింది. నేనూ సిద్ధంగానే ఉన్నాను, చివరి వరుస నాకు చూడకుండానే వచ్చు. కానీ ఆమె కళ్ళు అప్పటికే బోర్డు మీదికి పోయాయి. తనే చదువుకుంది. పక్కకు జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను ఆమె కాళ్ళ దగ్గర తడి లేకుండా పొడిగుడ్డతో తుడిచాను.

లోపల చెల్లె తొందరపడలేదు. బకెట్ నీళ్ళు పోసిన చప్పుడు వచ్చింది. గడియ తీసిన చప్పుడు వచ్చింది. కుళాయి తిప్పి, సబ్బుతో చేతులు కడుక్కున్న చప్పుడు వచ్చింది. ఆ తరువాత ఇంకొక నిమిషం ఏ చప్పుడూ రాలేదు. అద్దంలో చూసుకుంటున్నట్టుంది.